దెబ్బ తగిలిన భాగం

కేక పెట్టింది ఆమె కాదు, అతను.

ఉదయం రెండో ట్రిప్పు. గడియారం స్తంభం దగ్గర బండి ఆగింది. దిగేవాళ్ళు నలుగురు, ఎక్కేవాళ్ళు నలభై మంది. కండక్టరమ్మ ఆ జనం నడుమ ఇరుక్కుని నిలబడి, టికెట్ల మిషను కుడిచేత్తో తలల మీదుగా ఎత్తి పట్టుకుని, ఎడమచెయ్యి పై కడ్డీ కేసి చాపింది. అందింది. ఆపరేషన్ అయిన ఏడు నెలలకి, మళ్ళీ డ్యూటీలో చేరిన తొమ్మిదో రోజుకి, ఆ చెయ్యి కడ్డీని అందుకోవడం అదే మొదలు. చంక కింద తాడు బిగించినట్టు లాగింది గాని, వేళ్ళు మాత్రం ఇనుము చుట్టూ చక్కగా ముడుచుకున్నాయి. ఆమెకి ఎక్కడలేని సంబరమూ వచ్చింది. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. అంత తొక్కిడిలో ఎవరితో చెప్పుకుంటుంది?

"లోపలికి జరగండి బాబూ, మధ్యలో అంతా ఖాళీయే, జరగండి!" అని అరిచింది.

అప్పుడే కళ్ళద్దాలాయన "అమ్మో!" అన్నాడు.

రోజూ ఎక్కే మనిషే. తోలుసంచి, ఇస్త్రీ చొక్కా, చిల్లర సరిగ్గా తెచ్చే అలవాటు. నిప్పుకణిక ముట్టుకున్నవాడిలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మొహం పాలిపోయింది. అతను ఎటు చూస్తున్నాడో అందరూ అటే చూశారు. ఆమె కూడా తలవంచి చూసుకుంది. తన యూనిఫాం చొక్కా పై రెండు బొత్తాల సందులోంచి, మెడ కిందుగా, ఆపరేషన్ చోట పెట్టుకోమని ఆసుపత్రివాళ్ళిచ్చిన స్పాంజి ముద్ద ఎత్తుగా తొంగి చూస్తోంది.

మాట్లాడుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నోరు మూసుకున్నారు. ఇంజను చప్పుడు ఒక్కటే మిగిలింది.

"సారీ అండీ," అంది కండక్టరమ్మ. "తగిలిందా?"

అతను జనాన్ని రెండు చేతులతో చీల్చుకుంటూ వెనక తలుపులోంచి దిగిపోయాడు.

"వాడు చెయ్యి పెడితే నువ్వు సారీ చెబుతావేంటే తల్లీ!" వెనక సీట్లోంచి కూరలమ్మ లేచింది. ఒళ్ళో బుట్ట ఉంది గనక సగమే లేవగలిగింది. "నేను చూశాను. నా రెండు కళ్ళతో చూశాను. వాడికి చేతులు పడిపోను!"

ఆమె స్పాంజిని, బయటికి వచ్చిన చేతిరుమాలు తోసుకున్నంత మామూలుగా లోపలికి తోసుకుని, పై బొత్తాం సర్దుకుంది. "రైట్" అంది. బండి కదిలింది. మిగిలిన టికెట్లన్నీ కొట్టింది. ఎవరికి ఎక్కడికి కొట్టిందో గుర్తులేదు గాని ఒక్కటీ తప్పు పోలేదు. రెండు స్టాపులు దాటాక ఒక ముసలాయన లేచి, తన సీటు చూపించి, "కూర్చోండమ్మా" అన్నాడు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో కండక్టరుకి సీటిచ్చిన ప్రయాణికుడు లేడు. ఆమెకి దండం పెట్టాలో తిట్టాలో తెలియలేదు. నిలబడే ఉంది.

డిపోకి వచ్చేసరికి కబురు ఆమె కన్నా ముందే వచ్చి కూర్చుంది. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు ఆమెని చూడగానే టైర్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. టైర్ల గురించి అంత శ్రద్ధగా వాళ్ళు మాట్లాడుకోగా ఆమె ఎన్నడూ వినలేదు.

డ్యూటీలు వేసే కంట్రోలరు చెడ్డవాడు కాడు. గొంతు పెంచడు, సెలవడిగితే మొహం ముడుచుకోడు. ఆమె లోపలికి రాగానే లేచి కుర్చీ చూపించాడు. ఈరోజు అందరూ కూర్చోమనేవాళ్ళే అనుకుంటూ కూర్చుంది.

"ఫిర్యాదు రాసిస్తారా అమ్మా?"

"రాయాలా సార్?"

"అది నేను చెప్పకూడదు. రాస్తే మాత్రం ఇదిగో, దీనిమీదే రాయాలి." సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "ఇలాంటి వాటికని వేరే కాగితం మన దగ్గర లేదు. డ్యూటీలో దెబ్బలు తగిలితే రాసేది ఇదే. తలుపులో వేలు నలిగినా ఇదే, కుక్క కరిచినా ఇదే."

ఆమె కలం తీసుకుంది. తేదీ రాసింది. బండి నంబరు రాసింది. టైము, స్టాపు రాసింది. ఆ కింద గీత మీద 'దెబ్బ తగిలిన భాగం' అని అచ్చువేసి ఉంది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఎడమ రొమ్ము అని రాద్దామంటే, అది పోయి ఏడు నెలలైంది. స్పాంజి అని రాద్దామంటే, స్పాంజికి దెబ్బేమిటి? ఛాతీ అందామా? ఛాతీకి ఏమీ తగల్లేదు. తగిలినా తెలిసేది కాదు. కోసి కుట్టిన దగ్గర్నుంచి అక్కడి చర్మం చెక్కలా అయిపోయింది. వేడినీళ్ళు పడ్డా, చన్నీళ్ళు పడ్డా దానికి ఒకటే.

"నొప్పి పుట్టిందా?" కంట్రోలరు మెల్లగా అడిగాడు.

"లేదు సార్."

"పోనీ చెయ్యి తగిలినట్టు తెలిసిందా?"

"తెలీలేదు సార్. ఆయన అరిస్తేనే చూసుకున్నాను."

కంట్రోలరు రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. "ఆయన ఫోన్ చేశాడమ్మా. బ్రేకు పడితే తూలి, ఆసరాకి చెయ్యి చాపానంటున్నాడు. గొంతు వణుకుతోంది పాపం. పైగా మీరే ఆయనకి సారీ చెప్పారట కదా? బస్సంతా విన్నారట."

"చెప్పాను సార్."

"ఎందుకు చెప్పారు?"

అదే ఆమెకీ అంతుబట్టడం లేదు. ఆలోచించినట్టు కాసేపు కిటికీ కేసి చూసింది. బయట ఎవరో బండి అద్దాలు కడుగుతున్నారు.

"ఎల్లుండి పదకొండింటికి ఆయన్ని రమ్మన్నాను," అన్నాడు కంట్రోలరు. "మీరూ రండి. ఆయనా ఒక మాట అంటాడు, అంతటితో అయిపోతుంది. తర్వాత మిమ్మల్ని సామాన్ల గదిలోకి వేస్తాను. ప్రయాణికులు మర్చిపోయినవి రాసుకునే పని. ఫ్యాను ఉంటుంది, ఎవరూ తోసుకోరు. ఫిర్యాదు గనక ఇస్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి అన్నీ అడగాలి. అన్నీ అంటే మరి... అన్నీ. మీ మంచికే చెబుతున్నా."

ఆమె కాగితం మడిచి డబ్బుల సంచిలో పెట్టుకుంది. ఆ సంచి పట్టీ కూడా ఈ మధ్య చెప్పిన మాట వినడం లేదు. కుడిభుజం మీంచి ఎడమ తుంటి మీదికి వేసుకుంటుంది. ఇదివరకు రెంటి నడుమ కుదురుగా ఉండేది. ఇప్పుడు నాలుగడుగులు వేసేసరికి ఎడమ పక్కకి జారుకుంటుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త ముందుగదిలో ఒక కుట్టుమిషన్ని వెల్లకిలా పడుకోబెట్టి దాని కడుపులో నూనె పోస్తున్నాడు. ఊళ్ళో సగం మిషన్లు ఆయన చేతి మీదే నడుస్తాయి. చేతిలో పనుంటేనే ఆయనకి మాటలు బాగా వినపడతాయని ఆమెకి తెలుసు. అందుకే ఆయన స్క్రూ బిగిస్తున్నప్పుడు చెప్పింది.

ఆయన స్క్రూడ్రైవరు ఆపకుండా అంతా విన్నాడు.

"నొప్పేమైనా పుట్టిందా?"

"లేదు."

"పోన్లే," అన్నాడు ఊపిరి వదిలి. ఆ మాట గదిలో అలాగే నిలబడిపోయింది. ఆయనకీ తెలిసింది. కళ్ళజోడు తీసి, నూనె గుడ్డతోనే తుడిచి, మరింత మసక చేసుకున్నాడు. "అంటే... దెబ్బ తగల్లేదు కదా అని."

"అందరూ అదే అడుగుతున్నారండీ."

"కోపమొచ్చిందా?"

"తెలీదు. ముందు నవ్వొచ్చినట్టే ఉంది. వాడి మొహం చూడాలి మీరు. ఊడి చేతిలోకి వచ్చేసిందనుకున్నాడు కాబోలు..." నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు మధ్యలో దారి తప్పింది. గొంతులోంచి ఇంకేదో చప్పుడు వచ్చింది. తనతోపాటు నవ్వాలా, లేచి దగ్గరికి రావాలా తేల్చుకోలేక ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

కాసేపటికి, "ఆ సామాన్ల గదీ బాగానే ఉంటుందేమో," అన్నాడు. "ఫ్యాను కూడా ఉందన్నావుగా."

"ఫ్యాను మనింట్లో లేదా?"

ఆయన మిషన్ని లేపి నిలబెట్టి, చక్రం ఒకసారి తిప్పి చూశాడు. బాగానే తిరిగింది.

"పోనీ ఆ చొక్కాకి లోపల జేబు కుట్టనా? అది కదలకుండా ఉండేట్టు. ఇంకెప్పుడూ ఇలా కాకుండా."

"ఇదంతా స్పాంజి కదలడం వల్ల వచ్చిందంటారా?"

అడిగాక ఆ ప్రశ్న ఆయన్ని అడిగిందో తనని తాను అడిగిందో ఆమెకే తెలియలేదు. ఆయన మాత్రం కుట్టనా అని మళ్ళీ అడగలేదు. నూనె చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో, ఆమెలాగే రొమ్ము తీసేసినవాళ్ళకి చేతుల వ్యాయామం. వెనక బ్లాకులో, మందుల పెట్టెలు పేర్చిన ఒక పొడుగాటి గది. గోడ వైపు తిరిగి నిలబడి, వేళ్ళతో గోడ మీద కొంచెం కొంచెంగా పైకి పాకాలి. నర్సు పెన్సిలుతో ఎవరిది ఎంతవరకు వచ్చిందో గీత గీస్తుంది. ఆ గోడ నిండా గీతలే. పిల్లలున్న ఇంట్లో ఎత్తు కొలుచుకున్న గోడలా ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ కొలుచుకునేవాళ్ళంతా ఎదగడం ఎప్పుడో మానేసినవాళ్ళు.

నర్సు ఫోన్ వస్తే బయటికి వెళ్ళింది. కండక్టరమ్మ గోడకి మొహం పెట్టుకునే జరిగింది చెప్పింది. గోడకి చెప్పడం తేలిక.

ముందు బేకరీ పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళందరిలో చిన్నది, ముప్పై ఏళ్ళైనా నిండలేదు. జుట్టు ఇప్పుడిప్పుడే వేలెడు మొలుస్తోంది. "ఊడొచ్చిందనుకున్నాడక్కా! వాడింక బతికున్నన్నాళ్ళూ అన్నం ముద్ద చేతిలోకి తీసుకున్నా ఉలిక్కిపడి చస్తాడు!"

"నవ్వుతావేంటే? అది నేరం," అంది రిటైరైన టీచరమ్మ.

"నేరమైతే మాత్రం నవ్వు రాకూడదా టీచరమ్మా?"

"నవ్వితే రేపు అవతలివాడూ నవ్వుతాడు. స్పాంజినే కదా పట్టుకున్నాను అంటాడు. దుకాణంలో దూదిపరుపు నొక్కి చూశాను, తప్పా అంటాడు."

"అనడా మరి? నాకూ అదే తోస్తోంది," అంది కండక్టరమ్మ. "వాడు పట్టుకుంది నన్నా, దాన్నా? నాకైతే ఏం తెలీలేదు. తెలీనిదానికి నేను అవమానపడ్డట్టా, పడనట్టా?"

బేకరీ పిల్ల తనకి తెలియకుండానే తన కుడి పక్కన ఒకసారి తడుముకుంది.

ఇస్త్రీ పెద్దమ్మ ఇంతసేపూ మాట్లాడకుండా గోడెక్కుతోంది. నలభై ఏళ్ళు ఇస్త్రీపెట్టె తోసిన చెయ్యి. ఇప్పుడు భుజం దాటాలంటే మొరాయిస్తోంది. గీత కింద వేళ్ళు ఆపి అడిగింది.

"అది సరేనే. నువ్వు వాడికి సారీ ఎందుకు చెప్పావు?"

"తెలీదు పెద్దమ్మా. నోటికొచ్చేసింది."

"ఊఁ." పెద్దమ్మ నుదురు గోడకి ఆనించింది. "నేను మా ఆయనకి చెప్పాను. కట్టు విప్పిన రోజు. చూసి గుమ్మం పట్టుకున్నాడు. 'ఏమనుకోకయ్యా' అన్నాను. కోసింది నా ఒళ్ళు. ఏమనుకోవద్దని ఆయన్ని బతిమాలుకున్నాను."

ఈసారి బేకరీ పిల్ల నవ్వలేదు. గోడకేసి చూస్తూ గొణిగింది.

"నేను ఫోటో తీసేవాడికి చెప్పాను. అదే, మిషన్లో పెట్టి నొక్కి తీస్తారే. 'ఒకటే ఉందండీ, సారీ' అన్నా. వాడికి సగం పని తగ్గిస్తే నేనెందుకు సారీ చెప్పాలి? వాడే నాకు థాంక్స్ చెప్పాలి!"

ముందు నవ్వొచ్చింది పెద్దమ్మకి. తర్వాత అందరికీ అంటుకుంది. మందుల పెట్టెలకి ఆనుకుని, కుట్లు లాగుతుంటే పక్కలు పట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక అందరూ టీచరమ్మ కేసి చూశారు.

"నేనెవరికీ చెప్పలేదు," అంది టీచరమ్మ, ఎవరూ అడగకుండానే. ఆ వెంటనే ఆమె వేళ్ళు గోడ మీంచి జారిపోయాయి. మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టింది.

"ఇంతకీ ఏం చెయ్యమంటారు?" కండక్టరమ్మ అడిగింది.

"రాసివ్వు," అంది టీచరమ్మ.

"వద్దక్కా," అంది బేకరీ పిల్ల. "రాసిస్తే రేపట్నుంచి బస్సంతా నీ చొక్కాలోకే చూస్తారు. ఏది అసలు, ఏది నకలు అని పందేలు కాస్తారు. నాకు తెలుసు మగాళ్ళ సంగతి. నేను కౌంటర్లో కూర్చునేదాన్ని."

"కూర్చునేదాన్ని?" అంది కండక్టరమ్మ.

"ఇప్పుడు వెనక పిండి దగ్గర వేశారు," అంది ఆ పిల్ల. "అక్కడా బాగానే ఉందిలే."

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. కండక్టరమ్మ గీత గోడ మీద అందరి గీతల కన్నా పైన ఉంది. దాన్ని చూపుడువేలితో చూపించింది. "గొడుగులూ సంచులూ అరల్లో సర్దడానికా ఇంత గోడెక్కావు?"

ఆసుపత్రి గేటు దాటేసరికి ఆమెకి వచ్చినప్పటి కన్నా ఎక్కువ అయోమయంగా ఉంది. ముగ్గురు చెప్పిందీ నిజమే. మూడు నిజాలూ ఒక బండిలో ఇమడవు.

ఆ మర్నాడు పదకొండింటికి కంట్రోలరు గదిలో ఐదుగురు. కంట్రోలరు, కళ్ళద్దాలాయన, డ్రైవరు, బుట్ట గేటు దగ్గర వదిలి వచ్చిన కూరలమ్మ, ఆమె. కిటికీలోంచి చూస్తే గేటు పక్క బల్ల మీద బేకరీ పిల్ల, ఇస్త్రీ పెద్దమ్మ కూర్చుని ఉన్నారు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఇద్దరి మధ్యా ఒక రొట్టె పొట్లం ఉంది. బండి కోసం చూస్తున్నవాళ్ళలా, వచ్చే బండ్లనీ పోయే బండ్లనీ చూస్తున్నారు.

"బ్రేకు పడింది సార్. తూలాను," అన్నాడు కళ్ళద్దాలాయన. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు. "పడబోతూ ఏదో పట్టుకున్నాను. అంతకన్నా నాకేం తెలీదు. నాకూ ఇంట్లో ఆడపిల్లలున్నారు."

"బండి ఆగి ఉంది సార్," అన్నాడు డ్రైవరు. "జనం ఎక్కుతున్నారు."

"బ్రేకు కొట్టానని ఏ డ్రైవరు ఒప్పుకుంటాడయ్యా?" అన్నాడు కళ్ళద్దాలాయన.

"నేను చూశానయ్యా!" అంది కూరలమ్మ.

"నువ్వు వెనక సీట్లో ఉన్నావు. అన్ని వీపుల మధ్య నీకు చెయ్యి కనపడిందా?" అని కంట్రోలరు అడిగాడు.

"వాడి భుజం కనపడింది. భుజం చూస్తే చెయ్యి ఏం చేస్తుందో తెలీదా?"

కంట్రోలరు నిట్టూర్చి ఆమె వైపు తిరిగాడు. "చివరిసారి అడుగుతున్నానమ్మా. చెయ్యి పడ్డట్టు మీకు తెలిసిందా?"

"తెలీలేదు సార్."

కళ్ళద్దాలాయన భుజాలు కిందికి దిగాయి. గదిలో అందరికీ కాస్త గాలి ఆడింది. కంట్రోలరు కలం మూత పెట్టబోయాడు.

ఆమెకి అప్పుడు కూడా కోపం వచ్చిందని చెప్పడానికి లేదు. లేని స్టాపు పేరు చెప్పి ఎవరో టికెట్టు అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎక్కడో లెక్క తప్పింది. ఒళ్ళు చెప్పడం లేదు. ఒంటిని పక్కన పెట్టి ఆలోచించింది.

"సార్, ఒక్కసారి లేస్తారా?"

కంట్రోలరు లేచాడు. ఆమె తన సంచి తీసి ఆయన కుడిభుజం మీంచి ఎడమ తుంటి మీదికి వేసింది. పట్టీ బిగించింది. "ఆ ఎడమచెయ్యి ఎత్తి బీరువా పై అంచు పట్టుకోండి. అదే కడ్డీ అనుకోండి." ఆయన ఏం జరుగుతుందో తెలియని మొహంతో పట్టుకున్నాడు.

"ఇప్పుడు బ్రేకు పడింది." ఆమె ముందుకి తూలి, అరచెయ్యి బార్లా చాపి పడింది. చెయ్యి ఆయన భుజం మీద పడి, పట్టీ మీంచి జారి, సంచి దగ్గరికి వచ్చి ఆగింది. పట్టీ కిందికి లాగింది. "పడే చెయ్యి ఇలా పడుతుంది సార్. పైనుంచి కిందికి. పద్నాలుగేళ్ళుగా నా మీద పడుతున్నాయి, వేలకు వేలు. దొరికింది పట్టుకుని కిందికి లాగుతాయి. బొత్తాలు తెగుతాయి. పట్టీ జారుతుంది. ఆ రోజు నా బొత్తాం తెగలేదు. పట్టీ కిందికి లాగలేదు. స్పాంజి పైకి లేచింది, మెడదాకా."

కంట్రోలరు ఇంకా బీరువా అంచు పట్టుకునే ఉన్నాడు.

"నన్ను ఎక్కడ ముట్టుకున్నాడో నాకు తెలీదు సార్. కానీ అది పైకి లేవాలంటే చెయ్యి కింది నుంచి రావాలి. ఇలా."

ఆమె చెయ్యి ఆయన సంచి అడుగు నుంచి, పట్టీ వెనకగా, పైకి రాసాగింది. తాకలేదు. జానెడు దూరంలోనే ఉంది. తొందర కూడా పడలేదు. సగం దారిలో ఉండగానే కంట్రోలరు ఎడమచెయ్యి బీరువా వదిలేసి దానంతటదే కిందికి దిగింది. మోచెయ్యి డొక్కకి అతుక్కుంది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. వీపు బీరువాకి కొట్టుకుని తాళాల గుత్తి కింద పడింది.

"సారీ," అన్నాడు కంట్రోలరు.

అని, తనేమన్నాడో తనకే విచిత్రంగా వినపడ్డట్టు ఆగిపోయాడు.

"ఎందుకు చెప్పారు సార్?" అని అడిగింది కండక్టరమ్మ. ఎగతాళికి కాదు. మూడు రోజులుగా తనకి తెలియనిది, ఆయనకైనా తెలుసేమోనని అడిగింది.

ఆయనకీ తెలియలేదు. వంగి తాళాలు తీసుకున్నాడు. సంచి తీసి, పట్టీ సరిచేసి, రెండు చేతులతో ఆమెకి అందించాడు. ఆమె సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి, బల్ల మీద చదును చేసి, ఆగిపోయిన గీత మీద రాసింది. రెండే మాటలు. రాయడానికి అట్టే సేపు పట్టలేదు.

కంట్రోలరు చదివాడు. ఆయన వేలు ఆ గీత మీద ఆగింది.

"అమ్మా, ఎడమ రొమ్ము అని రాశారు. మరి మీకు అది..."

"సరిగ్గానే రాశాను సార్."

ఆయన ఆమె మొహం కేసి చూశాడు గాని చొక్కా కేసి చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడ్డాడు. అదీ ఆమె గమనించింది. కలం మూత తీసి కింద సంతకం పెట్టాడు. "ఇది పైకి పంపాలి. పంపిస్తాను. మీరు మూడో ట్రిప్పుకి వెళ్ళండి. ఆ సామాన్ల గది సంగతి నేను అనలేదనుకోండి."

కూరలమ్మ బుట్ట గుర్తొచ్చి పరుగెత్తింది. డ్రైవరు బండి తియ్యడానికి వెళ్ళాడు. ఆమె పట్టీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చేసరికి కళ్ళద్దాలాయన లేచి ఎదురుగా నిలబడ్డాడు. తోలుసంచిని రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు.

"క్షమించండమ్మా," అన్నాడు.

పోనీలెండి, ఫరవాలేదు అన్న మాట ఎప్పట్లాగే నాలుక చివరికి వచ్చి నిలబడింది. పళ్ళ వెనక దాన్ని ఆపుకుంది. దానికి బదులు ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. ఏమీ చెప్పకుండా ఉంటే ఏమవుతుందో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చూస్తూ నిలబడింది. బయట డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు, తర్వాత ఇంకోసారి కొట్టాడు. ఆమె కదల్లేదు. ముందు పక్కకి తప్పుకుంది ఆయనే.